అయస్కాంతం మీద తీగ పడితే

నేను బేస్ గిటార్‌ని. అందరూ నన్ను ఉత్త గిటారనే పిలుస్తారు. ఆరు తీగలవాడి బంధువునే అయినా నావి నాలుగే తీగలు, మెడ పొడవు, గొంతు బొంగురు. అన్నిటికన్నా లావు తీగ సెకనుకు 41 సార్లు ఊగుతుంది. ఇళయరాజా పాటలు చెవి పెట్టి విన్నవాళ్లకు మా పనేమిటో చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకు మేం చెడిపోయినప్పుడే వినిపిస్తాం.

నా రూపం 1960లో ఫెండర్ కంపెనీ తెచ్చిన జాజ్ బేస్‌కు నకలు. హైదరాబాదులో ఒక పాత సామాన్ల కొట్లో పడి ఉంటే వికారాబాద్ పిల్లగాడొకడు కొనుక్కున్నాడు. చర్చిలో కీబోర్డు, ప్యాడ్లు ఉన్నాయి, కింది స్వరం ఒక్కటే లేదని వాడి బాధ. వాయించడం ఫోన్లో చూసి నేర్చుకున్నాడు. అక్కడే చిక్కొచ్చింది. బొటనవేలితో తీగను కొట్టడం, చూపుడువేలితో లాగి వదలడం వాడికి తెగ నచ్చేశాయి. ఆ పద్ధతికి ఆద్యుడిగా చెప్పుకునే లారీ గ్రాహం, తల్లితో కలిసి వాయిస్తున్న రోజుల్లో డ్రమ్మర్ లేని లోటు తీర్చడానికి అలా కొట్టడం మొదలుపెట్టాడట. మా వాడి పక్కన ప్యాడ్లు దద్దరిల్లుతూనే ఉన్నాయి, అయినా కొట్టాడు. స్పీకర్లోంచి ఠప్, ఠప్.

ఆదివారం సాయంత్రం నన్ను సంచీలో వేసుకుని రైలెక్కాడు. ధారూరు దాటి తాండూరులో దిగి, బండల పాలిష్ యూనిట్‌లో పనిచేసే అన్న దగ్గరికి పట్టుకెళ్లాడు.

"అన్నా, పికప్ ఖరాబైనట్టుంది. కొత్తది ఏసుకుందామా?"

"జర ఆగురా. ముందుగాల వైరు పీకి వాయించు."

వైరు పీకేసరికి ఠప్ పోయి చిన్న టక్ మాత్రం మిగిలింది. మెడ మీది ఫ్రెట్టుకు తీగ తగిలితే జిర్రుమని సాగే చప్పుడొస్తుంది, అది ఆంప్ లేకున్నా వినిపిస్తుంది. ఇదేమో కొట్టినప్పుడల్లా ఒక్క దెబ్బ. దోషం మెడది కాదని అన్నకు అక్కడే తెలిసిపోయింది.

నా రెండు పికప్‌ల లోపలా అయస్కాంతపు కడ్డీలు, వాటి చుట్టూ వెంట్రుకలాంటి రాగి తీగ వేల చుట్లు ఉంటాయి. ఉక్కు తీగ పైన ఊగితే రాగిలో కరెంటు పుడుతుంది. నా కడ్డీల తలలు బయటికే ఉన్నాయి. తీగలన్నీ బ్రిడ్జి ద్వారా ఎర్త్‌కు కలిసి ఉంటాయి. అలాంటి తీగ వచ్చి ఎర్త్ లేని కడ్డీని తాకితే ఆ చిన్న తాకిడే స్పీకర్లో పటాకీ అవుతుంది. కడ్డీల మీద నల్ల టేపు అతికిస్తే ఈ మోత పోతుంది. చాలామంది అక్కడితో ఆపేస్తారు. టేపు కింద టక్ మాత్రం అలాగే ఉంటుంది.

అన్న రోజంతా రసమట్టం పెట్టి బండల ఎత్తు చూసే మనిషి. టేపు వైపు చూడనైనా లేదు. లావు తీగను చివరి ఫ్రెట్టు దగ్గర నొక్కి పట్టుకోమని, కింద స్టీలు స్కేలు నిలబెట్టాడు. అక్కడ నొక్కినప్పుడు తీగ పికప్‌లకు అన్నిటికన్నా దగ్గరగా దిగుతుంది. మిగిలిన పొట్టి తీగకు నడిమి భాగం, అంటే ఎక్కువ ఊగే చోటు, దాదాపు ముందు పికప్ మీదికే వస్తుంది. అందుకే వెనక పికప్ కన్నా ముందుదే దెబ్బలు తింటుంది. లావు తీగ కింద సుమారు 3 మిల్లీమీటర్ల సందు కావాలి, సన్న తీగ కింద రెండు, రెండున్నర చాలు. నాకు ఒకటిన్నర కూడా లేదు.

మూలల్లో ఉన్న మరలు బిగించాడు, పికప్ దిగలేదు. గట్టిగా తిప్పితే కట్టెలో గాట్లు పోయి మర వదులైపోతుంది. ఆపేసి మరలు విప్పి, పికప్ పైకెత్తి చూశాడు. అడుగున పెట్టిన ఫోమ్ ఏళ్లకేళ్లు ఎండి రాయైపోయింది. దాన్ని గీకేసి, పార్సిల్లో వచ్చిన మెత్తటి ముక్క సన్నగా కోసి పెట్టాడు. ఈసారి మర తిప్పినంతా దిగింది. లావు తీగ వైపు కొంచెం ఎక్కువ దించి, సన్న తీగ వైపు తక్కువ దించాడు.

"ఆవాజ్ తగ్గింది కదన్నా!" అన్నాడు పిల్లగాడు.

"ఆంప్ మీద గుండీ ఎందుకున్నది మరి?"

తగ్గిన మాట నిజమే. కానీ అదివరకు పై ఫ్రెట్ల మీద నా లావు తీగ ఒకే స్వరాన్ని రెండు స్వరాలుగా వణికించేది. అయస్కాంతం మరీ దగ్గరుండి తీగను తన వైపు లాగడం వల్ల వచ్చిన జబ్బు అది. అడక్కుండానే అదీ పోయింది.

ఇక మిగిలింది వాడి చెయ్యి. మరలు తిప్పి ఎంత జాగా ఇచ్చినా, తీగ కిందికి వేలు దూర్చి లాగేవాడు మళ్లీ తగిలించగలడు. అన్న ఒక పలచటి కట్టె ముక్కను రెండు పికప్‌ల మధ్య పట్టేట్టు కోసి, గీసి నునుపు చేసి, రెండు పక్కలా అంటుకునే టేపుతో అతికించాడు. వేలు దానికి తగిలి ఆగిపోతుంది, లోతుకు పోదు. పిల్లగాడికి అది కంట్లో నలుసైంది. వికారాబాద్ చేరగానే పీకి జేబులో వేసుకున్నాడు. నవంబరులో ధారూరు మెథడిస్టు జాతరకు పాటలు సాధన చేసేటప్పుడు వాడే వెతికి తీసి, టేపు మార్చి మళ్లీ అతికించాడు. అన్నకు మాత్రం ఫోన్ చేసి చెప్పలేదు.