అయిదో ముహూర్తం

మా ఇంట్లో రెండు క్యాలెండర్లున్నాయి. వంటింటి గోడకున్నది తిథి, వర్జ్యం, రాహుకాలం చెప్పేది. దాన్ని గుణించిన సిద్ధాంతిగారు ఫలానా రోజు ఫలానా గంటకి గ్రహణమని ఏడాది ముందే రాస్తే, సూర్యచంద్రులు కిక్కురుమనకుండా ఆ గంటకే వచ్చి నిలబడతారు. హాల్లో ఉన్నది మా మేనల్లుడిది. అందులో తెలంగాణ గ్రూప్-2 పరీక్ష తేదీ ఉంటుంది. దానికి సూర్యచంద్రులతో పనిలేదు. ప్రశ్నలు అచ్చేసి, బడుల్లో బల్లలు సర్ది, పొద్దున పదింటికి గంట కొడితే చాలు. అంత సులువైన పని గనకనే కాబోలు, అయిదు తేదీలు పట్టింది.

783 పోస్టులకి నోటిఫికేషన్ 2022 డిసెంబరు 29న వచ్చింది. అయిదున్నర లక్షల మంది దరఖాస్తు చేశారు, మావాడితో కలిపి. అప్పటికి వాడికి ఇరవై తొమ్మిది. పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా "నోటిఫికేషన్ రానీయే అమ్మా" అంటూ తప్పించుకునేవాడు. వచ్చింది కదా అని మా అక్క సంబంధాలు చూడ్డం మొదలెట్టింది.

"పిలగాడు ఏం జేస్తడు?" అన్నారు మొదటి సంబంధం వాళ్ళు.

"ప్రిపేర్ అయితుండు" అంది అక్క.

ఈ మాటకి తెలుగులో ఇంకా పదం పుట్టలేదు. చదువుతున్నాడంటే కాలేజీ అనుకుంటారు. ఖాళీగా ఉన్నాడందామా, పొద్దున ఆరింటికి చిక్కడపల్లి లైబ్రరీ గేటు దగ్గర నిలబడి రాత్రి పదింటికి అశోక్‌నగర్ గదికి చేరేవాణ్ణి ఖాళీ అనడానికి నోరు రాదు. ఉద్యోగమంటారా, జీతం లేదు. జీతం మినహా మిగతావన్నీ ఉన్నాయి: వేళలు, పై అధికారుల భయం, సీనియారిటీ. ముగ్గురు పట్టే గదిలో అయిదుగురు. పాత నోటిఫికేషన్లు చూసినవాడికి కిటికీ పక్క మంచం, కొత్తగా దిగినవాడికి బాత్రూం తలుపు పక్క చాప. లైబ్రరీలో కుర్చీ మీద కర్చీఫ్ వేసి టీకి పోతే, తిరిగొచ్చేదాకా ఆ కుర్చీ నీదే. ఆర్టీసీ బస్సు సీటుకి నడిచే చట్టమే ఇక్కడా నడుస్తుంది. మావాడు ఆ చట్టాన్ని పాలిటీ సిలబస్‌లో ఎందుకు చేర్చలేదని అడుగుతుంటాడు.

పిల్ల తండ్రి మంచాయన. "పరీక్ష రాసినంక పెట్టుకుందాం, పిలగాడు నిమ్మళంగ ఉంటడు" అన్నాడు. పరీక్ష 2023 ఆగస్టు 29, 30. మావాడు ఆ గళ్ళని ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో నింపాడు. పంతులుగారు అధిక శ్రావణం దాటించి, నిజ శ్రావణంలో లగ్నం కట్టారు. ఆకాశంలో అన్నీ కుదిరాయి. అదే ఆగస్టులో గురుకులాల ఉద్యోగ పరీక్షలున్నాయన్నది మాత్రం ఏ పంచాంగంలోనూ లేదు. రెండింటికీ చదివేది ఎలాగంటూ అభ్యర్థులు రోడ్డెక్కారు. మావాడూ ఎక్కాడు.

"నీ పెళ్ళి నువ్వే ఆపుకుంటున్నవా?" అన్నాను ఫోన్లో.

"మామా, పెండ్లి మళ్ల జేస్కోవచ్చు. పోస్టులు మళ్ల పడయి" అన్నాడు వెనక నినాదాల మధ్య.

పరీక్ష నవంబరు 2, 3కి జరిగింది. జరిగిందంటే వెనక్కి జరిగింది. ఈ ఒక్క క్రియని రెండర్థాల్లో వాడుకోవడం తెలుగువాళ్ళ అదృష్టం. అది కాస్తా శాసనసభ ఎన్నికల్లో చిక్కుకుని 2024 జనవరి 6, 7కి పోయింది. ఎన్నికలయ్యాక ప్రభుత్వం మారింది, పరీక్ష పెట్టే పబ్లిక్ సర్వీస్ కమిషన్ మారే పనిలో పడింది, జనవరి కూడా పోయింది. మొదటి సంబంధం కార్తీకంలోనే చెడింది. పిల్ల తండ్రి ఆఖరిసారి ఫోన్ చేసి, "తప్పుగ అనుకోకుండ్రి" అంటూ చాలా మర్యాదగా తప్పుకున్నాడు. వాళ్ళమ్మాయికి ఇప్పుడో కొడుకు. నాలుగో తేదీ ఆగస్టు 7, 8. మళ్ళీ శ్రావణమే. ఈసారి అడ్డం పడింది టీచర్ ఉద్యోగాల డీఎస్సీ. ఆగస్టు 5 దాకా ఆ పరీక్షలు, ఒక్కరోజు విరామం, ఆ వెంటనే గ్రూప్-2. కుర్రాళ్ళు మళ్ళీ రోడ్డు మీద. పరీక్ష డిసెంబరుకి పోయింది. మావాడి దగ్గర పాత అట్ట భద్రంగానే ఉంది. ముందువైపు "వాయిదా వేయాలి" అని, వెనకవైపు "ఇంకెన్నాళ్ళు వాయిదాలు?" అని రాసి ఉంటుంది. ఏ పూట ఏ వైపు అవసరమైతే అటు తిప్పుకుంటాడు. నాకు ఇందులో వింత కనిపించలేదు. రెండూ నిజమే.

అప్పటికే స్కెచ్ పెన్ను పక్కన పడేసి పెన్సిల్ పట్టాడు. పక్కన రబ్బరు.

తేదీ మారితే ఏమవుతుంది, చదువుకోవడానికి ఇంకాస్త టైం దొరికిందిగా అంటారు తెలియనివాళ్ళు. నేనూ అన్నాను. అప్పుడు తన నోట్సు తెచ్చి నా ముందు పెట్టాడు. నాలుగు పేపర్లు, ఒక్కోటి నూట యాభై, మొత్తం ఆరువందల మార్కుల బరువున్న నోట్సు. అందులో ఒక పేజీని నేను చాలాసేపు చూశాను. 2023 వేసవిలో ఆకుపచ్చ ఇంకుతో: "కాళేశ్వరం. ప్రపంచంలోనే అతిపెద్ద బహుళ దశల ఎత్తిపోతల పథకం." దాని కింద ఎర్ర ఇంకుతో: "2023 అక్టోబరు 21, మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగుట." ఆ కింద నల్ల ఇంకుతో: "2024 మార్చి, జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ విచారణ కమిషన్." బ్యారేజీ ఒక్కటే. నోట్సులో ముందు ఘనకార్యం, తర్వాత ప్రమాదం, ఆ తర్వాత కేసు. మొదటి తేదీనే పరీక్ష పెట్టి ఉంటే ఆకుపచ్చ ఒక్కటే సరిపోయేది.

"మరి జవాబు ఏం రాస్తవు?" అన్నాను.

"ప్రశ్న ఎప్పుడు తయారుజేసిన్రో తెల్వాలె మామా. అది తెలిస్తే జవాబు తెలుస్తది."

ఇదొక్కటే కాదు. 'టీఎస్' అని బట్టీపట్టినవన్నీ 'టీజీ' అయ్యాయి. కమిషన్ పేరులో అక్షరమూ మారింది. పథకాలకి కొత్త పేర్లు, పాత పేర్లకి కొట్టివేతలు. రాష్ట్ర గీతం 2024 జూన్ 2న వచ్చి సిలబస్‌లో కూర్చుంది. ఇక డిసెంబరు 9న సచివాలయంలో కొత్త రూపంలో తెలంగాణ తల్లి విగ్రహాన్ని ఆవిష్కరించారు. పరీక్షకి సరిగ్గా ఆరు రోజుల ముందు! ఆ రాత్రి అశోక్‌నగర్ గదిలో అయిదుగురూ ఫోన్లో ఆ విగ్రహాన్ని పెద్దది చేసుకుని చూశారట: చీర రంగేమిటి, చేతిలో వరి ఉందా, జొన్న ఉందా, బతుకమ్మ ఉందా లేదా. వాళ్ళమ్మల చీరల రంగు ఆ అయిదుగురిలో ఒక్కడూ చెప్పలేడని నా అనుమానం. వర్తమాన వ్యవహారాల పుస్తకాలైతే రెండేళ్ళలో చరిత్ర పేపరు కిందికి చేరాయి. కొనేటప్పుడు రెండొందలు, తూకానికేస్తే పన్నెండు రూపాయలు.

మధ్యలో స్థానికత ముచ్చటొకటి. ఒకటి నుంచి ఏడు దాకా ఎక్కడ చదివాడో బోనఫైడ్లు చూపించాలి. మూడో క్లాసు చదివిన బడి మూతపడి ఫంక్షన్ హాలైంది. వాచ్‌మన్ని అడిగితే "ఏసీదా, నాన్ ఏసీదా?" అన్నాడు. ఆ కాగితం కోసం మండలాఫీసు చుట్టూ తిరిగిన కథ వదిలేస్తాను. ఎవరికి లేదు ఆ కథ?

చివరికి 2024 డిసెంబరు 15, 16. నోటిఫికేషన్‌కి రెండేళ్ళు నిండడానికి రెండు వారాలు తక్కువ. పొద్దున పదింటికి పరీక్ష, తొమ్మిదిన్నరకి గేటు మూత. నేనే బండి మీద దింపాను. బూట్లు వద్దన్నారని పారగాన్ చెప్పులేసుకుని వచ్చాడు. గేటు ముందు అయిదారు వందల మంది చెప్పులతో చలికి కాళ్ళు రుద్దుకుంటూ నిలబడితే గుడి ముందు క్యూలా ఉంది. ఒకామె చంటిపిల్లని తల్లి చేతికిచ్చి లోపలికి పరుగెత్తింది. దరఖాస్తు పెట్టిననాటికి ఆ పిల్ల పుట్టి ఉండదు. ఇంకొకాయనకి కణతల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. పరీక్ష పర్యవేక్షకుడనుకుని నేను నమస్కారం పెట్టాను. ఆయన హాల్‌టికెట్ చూపించి నవ్వాడు. ఆ వేళ సగానికి పైగా కుర్చీలు ఖాళీయేనట.

సాయంత్రం బయటికొచ్చాక మావాడు తన కుడిచేతి బొటనవేలు చూపించాడు. గోరు పక్కన నల్ల సిరా. జవాబుల వృత్తాలు నింపిన గుర్తు, బబ్లింగ్. "గీత దాటలేదు కద?" అన్నాను భయంగా. 2016 నవంబరులో, పెద్ద నోట్లు రద్దయిన మూడో రోజున జరిగిన గ్రూప్-2 నాకింకా గుర్తుంది. ఓఎంఆర్ షీట్ల మీద వైట్‌నర్ పూసిన గొడవ కోర్టుకెక్కి, ఎంపిక జాబితా 2019లో గానీ తేలలేదు. తెల్లచుక్క ఆరడానికి మూడేళ్ళు పట్టింది.

రెండో రోజు పరీక్ష ముగిసేసరికి ధనుర్మాసం వచ్చేసింది. కమిషన్‌కి కుదిరిన రోజే ముహూర్తాలు మూతపడ్డాయి. తర్వాత పుష్యం. అప్పుడూ పెళ్ళిళ్ళుండవు. ఈలోగా కీ వచ్చింది, మావాడు అభ్యంతరాలు పెట్టాడు. అక్క మరో సంబంధం పట్టింది. ఈ అమ్మాయీ ప్రిపేర్ అవుతూనే ఉంది గనక ఎవరూ ఎవర్నీ ఏం చేస్తున్నావని అడగలేదు. మూడో క్లాసు ఫంక్షన్ హాల్ దొరికింది. నాన్ ఏసీదే.

నిన్న పంతులుగారొచ్చారు. కళ్ళజోడు పెట్టుకుని, వేళ్ళు మడిచి, మాఘంలో ఒక రాత్రి లగ్నం నిమిషాలతో సహా చెప్పారు. కాఫీ తాగారు. సంభావన జేబులో పెట్టుకున్నారు. లేవలేదు. మా అక్క లోపలికి వెళ్ళేదాకా ఆగి, మావాడి వైపు జరిగి గొంతు తగ్గించారు.

"నాయనా, మా పెద్దోడు గ్రూప్-3 రాసిండు. ఫలితాలు ఎప్పుడిస్తరంటవ్?"

మావాడు తనకి తెలిసిన వాట్సాప్ గ్రూపులన్నీ తలుచుకుని ఒక నెల చెప్పాడు. పంతులుగారు పంచాంగం అంచున రాసుకుందామని జేబులోంచి పెన్ను తీశారు.

"పెన్ను వద్దు పంతులుగారూ" అని మావాడు తన పెన్సిల్ అందించాడు.