ఎగిరేది గంట, ఎక్కేది పూట

శంషాబాద్ నుంచి గన్నవరానికి ఆకాశ మార్గాన దాదాపు 260 కిలోమీటర్లు. విమానం గంటలో దించేస్తుంది, అనుమానం లేదు.

కాకపోతే, కూకట్‌పల్లి నుంచి శంషాబాద్ చేరాలి. ట్రాఫిక్ దయతలిస్తే గంటన్నర.

రెండు గంటలు ముందే రమ్మంటారు. వెళ్లి కూర్చోవాలి.

ఈలోగా బెల్టు విప్పాలి, జేబులు దులపాలి. లోపల నీళ్ల సీసా కొనాలంటే, ధర అడక్కండి, అక్కడే ఎగిరిపోతారు.

దిగాక బ్యాగు కోసం పడిగాపులు. ఆపైన బెజవాడకు ఇంకో 20 కిలోమీటర్లు.

అదే పొద్దున మియాపూర్‌లో బస్సెక్కిన బావగారు సూర్యాపేటలో టీ తాగి, బెంజి సర్కిల్లో దిగి, భోంచేసి ఫోన్ చేస్తున్నారు: 'ఎక్కడిదాకా వచ్చావోయ్?'

అర్జెంటు పనుందా? బస్సెక్కండి.