చూ చూ, గిప్పర్, ఒక డబ్బాడు జంతికలు

నేను 1976లో టెలిగ్రాఫ్ ఆఫీసులో చేరాను. మోర్స్ కోడ్ వినీ వినీ నా చెవులు ఎంతలా అరిగిపోయాయంటే, పెళ్లయిన కొత్తలో మా ఆవిడ చపాతీ కర్ర టకటకలాడిస్తే అందులో ఏ అక్షరం ఉందా అని వెతికేవాణ్ణి. తర్వాత టెలిప్రింటర్లొచ్చాయి, కంప్యూటర్లొచ్చాయి. 2013 జులైలో టెలిగ్రామ్‌కే చావు తంతి వచ్చింది. ఆ విద్యతో ఇక ఈ జన్మకి పనిలేదనుకున్నాను.

నిరుడు డాలస్ దగ్గర మా అబ్బాయింటికి వెళ్లాం. మనవడికి పద్నాలుగేళ్లు. భోజనాల బల్ల మీద కంప్యూటరు, దానికో విమానం స్టీరింగు. ఇంట్లో కంచం పెట్టుకునే జాగా లేదు గానీ, దిగడానికి రన్‌వేలు బోలెడు. "తాతయ్యా, నేనో క్లూ ఇస్తా, అది ఏ బీకనో చెప్పు. చెప్తే ఒక జంతిక నీకు, లేకపోతే నాకు" అన్నాడు. జంతికలు మా ఆవిడ గుంటూరు నుంచి మోసుకొచ్చినవి. బీపీ మనిషినని నాకు రోజుకి రెండే రేషను. నాకిది గవర్నమెంటు వారి అనుమతి లేని సంపాదనలా కనిపించింది. సరేనన్నాను.

బీకన్ అంటే ఏమిటో వాడే చెప్పాడు. దాన్ని వీఓఆర్ అంటారట. పొలాల మధ్య బోర్లించిన తెల్ల గరాటులా ఉంటుంది. మన ఎఫ్.ఎం. రేడియో 108 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది కదా, వీటి సంసారం అక్కడ మొదలై 118కి కాస్త ముందు ముగుస్తుంది. గరాటు రెండు సంకేతాలు పంపుతుంది. ఒకటి అన్ని దిక్కులకీ ఒకేలా వెళ్తుంది, రెండోది సెకనుకి ముప్ఫైసార్లు గిర్రున తిరుగుతుంది. ఆ రెండిటి మధ్య తేడాని బట్టి, తాను గరాటుకి ఏ దిక్కున ఉన్నాడో పైలట్‌కి తెలుస్తుంది. ఇప్పుడు జీపీఎస్ వచ్చాక వీటిని ఒక్కొక్కటిగా తీసేస్తున్నారట. నాకు వెంటనే వాటి మీద చుట్టరికం పుట్టింది.

మొదటి క్లూ: "టెనెసీలోని ఒక ఊరి దగ్గర ఉంది. పాటలో రైలు."

మన రైలు కూ అని కూస్తుంది, చుక్ చుక్ అంటుంది. రెండూ చెప్పాను. తప్పట. దాని పేరు "చూ చూ". 1941లో గ్లెన్ మిల్లర్ బృందం చాటనూగా రైలు మీద వాయించిన పాట దేశమంతా మోగిపోయిందట, ఆ ఊరి దగ్గరి గరాటుకి ఆ పేరే పెట్టేశారు. మనకి "ఛూ" అంటే మాంత్రికుడే గుర్తొస్తాడు గానీ రైలు గుర్తొస్తుందా? ఒక జంతిక పోయింది.

రెండో క్లూ: "మిషిగన్. ఒక ఫుట్‌బాల్ ఆటగాడు. సినిమాలో అతని వేషం వేసినాయన తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు."

"రీగన్!" అని అరిచి డబ్బాలో చెయ్యి పెట్టాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "వేషం వేసినాయన కాదు తాతయ్యా, వేషం." జవాబు గిప్పర్. 1940 నాటి సినిమాలో రీగన్ వేసింది జార్జ్ గిప్ అనే ఆటగాడి పాత్ర. నేను ఒప్పుకోలేదు. కృష్ణుడు ఎలా ఉంటాడంటే ఎన్టీఆర్‌లా ఉంటాడని చెప్పే తరం మాది. వేషాన్నీ మనిషినీ విడదీయడం మాకు చేతకాదు, విడదీయలేకే ముఖ్యమంత్రిని కూడా చేసుకున్నాం. ఈ వాదన అమెరికాలో చెల్లలేదు.

ఓక్లహామా సిటీ క్లూ విన్నాక మాత్రం ఓడినందుకు బాధపడలేదు. విల్ రోజర్స్ అని హాస్యగాడు, వైలీ పోస్ట్ అని పైలట్. 1935 ఆగస్టులో ఇద్దరూ అలాస్కాలో ఒకే విమానం కూలి పోయారు. ఆ ఊళ్లో ఒక విమానాశ్రయానికి ఆయన పేరు, ఇంకోదానికి ఈయన పేరు పెట్టారు. మన వైపు ప్రయాణానికి బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితేనే కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగుతాం. అక్కడ టిక్కెట్టు మీదే తుమ్ము అచ్చేసి ఇస్తున్నారు.

ఇక న్యూ మెక్సికోలో ఒక ఊరుంది. అసలు పేరు హాట్ స్ప్రింగ్స్. రేడియోలో "ట్రూత్ ఆర్ కాన్సీక్వెన్సెస్" అని ఒక క్విజ్ వచ్చేది, జవాబు చెప్పలేనివాళ్లు పిచ్చి పిచ్చి వేషాలు వెయ్యాలి. తమ కార్యక్రమం పేరు పెట్టుకునే ఊరికే వచ్చి దాన్ని జరుపుతామన్నారట. 1950లో ఊరు ఊరంతా పేరు మార్చేసుకుంది. అక్కడి గరాటుకీ అదే పేరు. మన దగ్గర ఈ పద్ధతి పెడితే కాజా పేరు కాకినాడ గరాటుకా, తాపేశ్వరం గరాటుకా అన్నది హైకోర్టులో తేలేలోపు విమానాలు ఇంధనం అయిపోయి దిగిపోతాయి.

నాలుగు రోజులకి డబ్బా సగానికి దిగింది. అన్నీ వాడి పొట్టలోకే. అయిదో రోజు వాడు స్పీకరు పెట్టి విమానం నడుపుతుంటే వంటింట్లో ఉన్న నా చెవిన పడింది: డా, డా, డా.

"టీ టీ టీ" అన్నాను, టీ కలుపుకుంటూనే.

వాడు కుర్చీలోంచి లేచాడు. డాలస్ విమానాశ్రయం గరాటు, పేరు మావెరిక్, గుర్తు అచ్చంగా మూడు టీలు. గరాటు తన గుర్తుని మోర్స్‌లో పంపుతూనే ఉంటుందట. పైలట్ అది విని, సరైనదే పట్టుకున్నానని రూఢి చేసుకుని గానీ నమ్మకూడదు. వాడేమో కాగితం మీద చుక్కలూ గీతలూ చూసుకుంటే గానీ పోల్చలేడు. వేగం ఎంతనుకున్నారు? నిమిషానికి ఏడు మాటలు! ఆ వేగంతో పంపితే మా సూపర్‌వైజరు నన్ను మళ్లీ ట్రైనింగుకి తోలేవాడు.

ఆ పూట మాటల క్లూలు రద్దు చేయించాను. వాడు మోగించాడు, నేను చెప్పాను. డా డా డిట్, డా డా డిట్ డా, డా డా డా. "జీ, క్యూ, ఓ."

"కరెక్ట్. ఏ బీకన్?"

అది నాకెలా తెలుస్తుంది? చూ చూ అట! చూ చూకీ జీక్యూఓకీ ఏమన్నా పోలిక ఉందా? ఒకటి ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరు, ఒకటి రేషన్ కార్డులో గుమాస్తా రాసిన పేరు. "అక్షరాలు దించుకోవడం వరకే మా డ్యూటీరా, అర్థం అడ్రసుదారుడు చూసుకుంటాడు" అన్నాను. కాసేపు బేరమాడి అక్షరాలకి సగం జంతిక ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. సగాలు సగాలుగా ఆ సాయంత్రం బాగానే గిట్టింది.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. గరాటు మరమ్మతులో ఉంటే తన పేరు పంపదు, లేదా "టెస్ట్" అని పంపుతుంది. అంటే, నేను చెప్పేది నమ్మకండి అని.

రాత్రి మా ఆవిడ డబ్బా ఊపి చూసింది. "ఇవాళ ఎన్ని తిన్నారండీ?"

"రెండే" అన్నాను.

బల్లకి అవతల మనవడు తల ఎత్తకుండా, స్టీలు గ్లాసు మీద చెంచాతో నిదానంగా కొట్టాడు. డా. డిట్. డిట్ డిట్ డిట్. డా.