సద్ది గిన్నె ఆత్మకథ

నేను స్టీలు సద్ది గిన్నెను. ఆర్మూరు దగ్గరి పల్లెలో బీడీలు చుట్టే తల్లి ఇంట్లో ఉంటాను. ఆమె బిడ్డ పదో తరగతి దాకా నాకు పనే లేదు. మధ్యాహ్నం బడిలోనే వేడన్నం, పప్పు పెట్టేవారు. పది పాసై కాలేజీలో చేరగానే ఆ భోజనం ఆగింది. నన్ను అటక మీది నుంచి దించారు.

ఇప్పుడా బిడ్డ ఆర్మూరులో డిగ్రీ చదువుతోంది. ఇక్కడ 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఛార్జీ లేదు, 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం వస్తున్నాయి. రెండూ ఆ ఇంటికి పెద్ద ఆసరా. కానీ కూర బియ్యంతో రాదు. బీడీల పని బాగా దొరికిన వారం నాలో పప్పు ఉంటుంది. లేని వారం అన్నం మీద పచ్చిపులుసే.

పసుపు తవ్వే కాలం వస్తే అదీ కష్టం. తల్లి చీకటితోనే కూలికి పోతుంది, పొయ్యి వెలగదు. ఆమె వేళ్ల పచ్చ నా మూత అంచుకు పట్టుకుంది, ఎంత తోమినా పోదు. అలాంటి రోజుల్లో బిడ్డ నన్ను ఖాళీగానే సంచిలో పెట్టుకుపోతుంది. గంట కొట్టగానే "నేను లైబ్రరీల తింట" అని లేస్తుంది. అక్కడ నా మూత తియ్యదు. నీళ్లు తాగి పుస్తకం తెరుస్తుంది.

ఒకరోజు స్నేహితురాలు సంచి ఎత్తి చూసి, బరువు లేదని పసిగట్టింది.

"ఆకలైతలేదే."

"అబద్ధమాడకు, పట్టు."

సగం జొన్నరొట్టె, ఇంత టమాట తొక్కు నాలో పెట్టింది. ఆ పిల్లకూ మిగిలింది సగమే.

ఇలాంటి ఆకలి బయటికి కనబడదు. అదే పసుపు, ఎర్రజొన్న ధర కోసం ఇక్కడి రైతులు 2019 లోక్‌సభ ఎన్నికల్లో నామినేషన్లు వేస్తే నిజామాబాద్ బరిలో 185 మంది నిలిచారు. దేశమంతా ఇటు చూసింది. 2025లో నిజామాబాదులో పసుపు బోర్డు కార్యాలయం తెరిచారు. రైతు కష్టం రోడ్డెక్కింది కాబట్టి కనబడింది. చదువుకునే పిల్ల ఆకలి రోడ్డెక్కదు. సిగ్గుతో సంచిలో దాక్కుంటుంది. మధ్యాహ్నం క్లాసులో తల వాలితే, చదువు మీద ధ్యాస లేదంటారు.

పక్కనే ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో అన్నదాత డొక్కా సీతమ్మ పేరిట మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. మంచి పని. అక్కడితో ఆగొద్దు. పదిహేనేళ్లకు పెట్టిన అన్నం పద్దెనిమిదేళ్లకు ఎందుకు వద్దో ఎవరైనా చెప్పగలరా? ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లోనూ మధ్యాహ్నం అన్నం పెట్టండి. పేరు రాయించుకోకుండా, పేదోళ్లెవరని అడగకుండా, అందరినీ ఒకే వరుసలో కూర్చోబెట్టి పెట్టండి.