పదహారు కెమెరాలు, ఒక్క మొహం లేదు

ఇప్పుడు సీసీ కెమెరాలు బిగించాలంటే ఓ నిచ్చెన, ఓ డ్రిల్లింగ్ మిషను, ఛార్జింగ్ ఉన్న సెల్‌ఫోను ఉంటే చాలు. పొద్దున పదింటికి ఇద్దరు కుర్రాళ్ళు బండి మీద దిగుతారు. గోడలకి కన్నాలు కొడతారు, డబ్బా మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తారు, ఓనరు ఫోన్లో యాప్ వేసిస్తారు. సాయంత్రానికి యూపీఐలో డబ్బులు పడిపోతాయి. ఓనరు తన గుమ్మాన్ని తన ఫోన్లో చూసుకుని మురిసిపోతాడు. ఆ కెమెరాతో ఏం చూడాలనుకుంటున్నాడో ఆయన చెప్పడు, వీళ్ళు అడగరు. నా గొడవంతా ఆ అడగకపోవడం గురించే.

మా రోజుల్లో అడక్కపోతే కుదిరేది కాదు. మేమేదో మహా శ్రద్ధగలవాళ్ళమని చెప్పుకోవడం లేదు, టేపు అయిపోయేది మరి! వీహెచ్ఎస్ ఈ-180 క్యాసెట్టు మామూలు వేగంలో మూడు గంటలు తిరుగుతుంది. దాని మీద రోజంతా పట్టాలంటే టైమ్‌లాప్స్ వీసీఆర్ పెట్టాలి. మూడు గంటల టేపుని ఇరవై నాలుగు గంటలకి సాగదీస్తే ఎనిమిదింట ఏడు వంతుల బొమ్మలు వదులుకున్నట్టే. 960 గంటల దాకా సాగదీసే మిషన్లూ ఉండేవి. అందులో ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ ఆరు సెకన్ల పైన ఎడం. ఒక బొమ్మలో మనిషి తలుపు దగ్గర ఉంటాడు, తరవాతి బొమ్మలో తలుపు మాత్రమే ఉంటుంది.

పైగా నాలుగు కెమెరాలని క్వాడ్ పెట్టెలో కలిపి ఒకే టేపు మీదికి ఎక్కిస్తే ఒక్కోదానికి తెరలో పావు వంతు. అందుకని బంగారం షాపులో అడుగుపెట్టగానే, "సేటూ, మీకు గుమ్మం కావాలా, గల్లాపెట్టె కావాలా?" అని అడగాల్సిందే. ఆయన కాసేపు ఆలోచించి, "గుమ్మం సంగతి వాచ్‌మన్ చూసుకుంటాడు, గల్లా దగ్గర చేతులు కనపడాలి" అనేవాడు. ఆ ఒక్క మాటతో లెన్సు ఏదో, ఎత్తు ఎంతో, కోణం ఎటో తేలిపోయేది. ఇప్పుడు పదహారు కెమెరాలు కొంటున్నారు, ఆ ఒక్క మాట మాత్రం ఎవరి నోటా వినపడదు.

లెన్సంటే గుర్తొచ్చింది. వేరీఫోకల్ లెన్సు బిగించి, నిచ్చెన మీద నిలబడి, చిన్న స్క్రూడ్రైవరుతో బ్యాక్ ఫోకస్ సరిచేస్తుంటే కింద మానిటరు దగ్గర కూర్చున్నవాడు అరుస్తుండేవాడు: "కుడికి, కొంచెం కుడికి, ఆఁ... పోయింది, వెనక్కి తిప్పు!" ఎండలో కుదిరిన ఫోకస్ రాత్రికి చెదిరిపోతుందని తెలుసు కాబట్టి చీకటి పడ్డాక మళ్ళీ నిచ్చెనెక్కేవాళ్ళం. ఇప్పటి కుర్రాళ్ళు అయిదింటికే సామాను సర్దేస్తారు. కెమెరాకి రాత్రనేది ఒకటుంటుందని వాళ్ళకి మర్నాడు కస్టమరు ఫోను చేసి చెప్పాలి.

ఇక కేబులు. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో త్రీ ప్లస్ వన్ కాయిల్ చేతిలోకి తీసుకుంటే బరువును బట్టే రాగి ఎంతుందో తెలిసేది. ఆర్‌జీ-59 కొస చెక్కి, బీఎన్‌సీ కనెక్టరు క్రింప్ చేసేటప్పుడు జల్లెడ తీగలో ఒక్క పోగు నడిమి తీగకి తగిలినా బొమ్మ చచ్చిపోయేది. తెర మీద అడ్డచార ఒకటి కింది నుంచి పైకి నింపాదిగా పాకుతుంటే అది రెండు చోట్ల ఎర్త్‌లో ఉన్న తేడా అని మానిటరు చూసే చెప్పేవాళ్ళం. రోగం బొమ్మలోనే కనపడేది. ఇప్పుడు రోగం కనపడదు. "ఆఫ్‌లైన్" అని రెండు ముక్కలు చూపించి ఊరుకుంటుంది.

పీఓఈ వచ్చాక ఒకే తీగలో కరెంటూ బొమ్మా నడవడం చూసి దండం పెట్టాను, అది ఒప్పుకోవాలి. కెమెరాలకి కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్ పెట్టెలు మోసిన భుజాలకే దాని విలువ తెలుస్తుంది. 2003లో వచ్చిన ఆ ప్రమాణం నెట్‌వర్క్ స్విచ్చి దగ్గర 15.4 వాట్లు ఇస్తుంది, కెమెరా దగ్గర 12.95 వాట్లకి హామీ పడుతుంది. నడుమ తగ్గింది వంద మీటర్ల రాగి తీగ తినే తిండి. రాగి అంటే రాగి! వీళ్ళు తెచ్చే చవక డబ్బాలో పైన రాగి పూత, లోపల అల్యూమినియం. ఎనభై మీటర్లు లాగి కెమెరా తగిలిస్తే పగలంతా భేషుగ్గా ఉంటుంది. చీకటి పడగానే ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి, కరెంటు వాడకం పెరుగుతుంది, వోల్టేజీ పడిపోతుంది, కెమెరా ఆరిపోయి మళ్ళీ లేస్తుంది. తెల్లార్లూ ఇదే వరస. మర్నాడు కుర్రాడొచ్చి కెమెరా మారుస్తాడు, ఆ మర్నాడు స్విచ్చి మారుస్తాడు, ఆ పైన ఫర్మ్‌వేర్ అంటాడు. బ్లేడు పెట్టి తీగ గీకి చూడరా అంటే, "బాబాయ్, క్యాట్-6 అని డబ్బా మీదే రాసుంది కదా" అంటాడు.

సరే, తీగలు వదిలేద్దాం. అసలు దగా కంప్రెషన్ దగ్గర జరుగుతోంది.

షాపు చిట్టా రాసే గుమాస్తా మొదటి వరసలో వివరమంతా పూర్తిగా రాసి, ఆ కింద మారని చోటల్లా "డిటో" పెట్టి, మారిన అంకె మాత్రం వేస్తాడు చూశారా, వీడియో కుదింపూ అంతే. నిండుగా రాసిన వరస ఐ-ఫ్రేమ్, డిటోలు పీ-ఫ్రేములు. తొలినాళ్ళ నెట్‌వర్క్ కెమెరాల్లో మోషన్ జేపెగ్ ఉండేది. అందులో డిటోలు లేవు, ప్రతి బొమ్మా నిండు బొమ్మే. చోటు విపరీతంగా తినేది గానీ దారిలో ఒక బొమ్మ పోతే పోయింది ఆ ఒక్కటే. 2003లో హెచ్.264 వచ్చింది, 2013లో హెచ్.265 వచ్చింది. అదే నాణ్యతకి సగం చోటు చాలునన్నది దాని లక్ష్యం. ఆ తరవాత కంపెనీలు తలా ఒక "స్మార్ట్", తలా ఒక "ప్లస్" తగిలించాయి. వాటిలో చాలావాటి కిటుకు ఒకటే: కదలిక లేనప్పుడు నిండు బొమ్మల మధ్య ఎడం పెంచి డిటోలతో బండి నడిపించడం. ఖాళీ వరండాకి అది బ్రహ్మాండమైన ఉపాయం. కానీ నెట్‌వర్క్‌లో ఒక ప్యాకెట్ జారిపోయిందో, మళ్ళీ నిండు బొమ్మ వచ్చేదాకా తెరంతా అలికేసినట్టుంటుంది.

నేను ఈ శాస్త్రాన్ని తప్పుపట్టడం లేదు. దాన్ని కనిపెట్టినవాళ్ళు మహానుభావులు. లెక్క వేయకుండా దాన్ని వాడేవాళ్ళతోనే నా పేచీ.

లెక్క చాలా చిన్నది. కెమెరాకి సెకనుకి 4 మెగాబిట్లు ఇస్తే గంటకి 1.8 జీబీ, రోజుకి 43 జీబీ. పదహారు కెమెరాలకి రోజుకి 690 జీబీ దాకా. ముప్ఫై రోజులకి 20 టీబీ దాటుతుంది. అపార్ట్‌మెంటు సెక్రటరీగారు కొటేషన్లో అడిగేది ముప్ఫై రోజులు, కొనేది 4 టీబీ హార్డ్ డిస్కు. మరి కుర్రాడు "అవుతుంది సార్" అని ఎలా అన్నాడు? లెక్క తిరగేయండి. ఒక్కో కెమెరాకి దక్కేది సెకనుకి 770 కిలోబిట్లు. డబ్బా మీద మాత్రం 4 మెగాపిక్సెల్ అని బంగారు అక్షరాలు. బిట్‌రేటు ఎంత పెట్టావురా అంటే, "ఆటో బాబాయ్" అంటాడు.

పగటిపూట ఈ బండారం బయటపడదు. వరండాలో ఎవరూ ఉండరు, గోడ గోడలాగే ఉంటుంది, డిటోలు సరిపోతాయి. రాత్రయ్యాక వెలుతురు చాలక కెమెరా గెయిన్ పెంచుతుంది, బొమ్మ నిండా ఇసక చల్లినట్టు రవ్వ లేస్తుంది. ఆ రవ్వ ప్రతి బొమ్మలోనూ మారిపోతుంటుంది. ఎన్‌కోడరుకి అది రవ్వో మనిషో తెలియదు, అంతా కదలికే అనుకుని ఉన్న బిట్లన్నీ దానికే పంచిపెడుతుంది. దీపాల వేడికి చేరిన పురుగులు, వాటికోసం లెన్సు ముందు వల కట్టిన సాలీడు, పైన వాన పడితే ఇక చెప్పనక్కర్లేదు. సరిగ్గా అప్పుడే గోడ దూకి ఒకడు పరిగెడతాడు. వాడి మొహానికి ఇద్దామంటే బిట్లు మిగల్లేదు, నాలుగు గళ్ళు ఇచ్చి సరిపెడుతుంది. మర్నాడు పోలీసులు చూసేది ఆ గళ్ళని.

దీనికి మందు గేటు దగ్గర ఓ మంచి ఎల్‌ఈడీ బల్బు. వెలుతురు పెరిగితే గెయిన్ తగ్గుతుంది, రవ్వ అణుగుతుంది, డిస్కూ మిగులుతుంది, మొహమూ దక్కుతుంది. దాంతోపాటు సెకనుకి ఇరవై ఐదు బొమ్మల్ని పన్నెండుకి దించి, ఆ మిగిలిన బిట్లు ఉన్న బొమ్మలకి పంచమంటాను. వాచ్‌మన్ నడకకి పాతిక బొమ్మలు దేనికి? బండి నంబరు ప్లేటు కావాలంటే మళ్ళీ వేరే కథ. అక్కడ షట్టరు సెకనులో అయిదు వందలో వంతుకైనా రావాలి, దానికి ఇంకా వెలుతురు కావాలి. "రాత్రి కూడా రంగుల్లో" అని అమ్మే కెమెరాని చీకట్లో ఉంచితే, ఆ రంగులకోసం షట్టరుని నెమ్మది చేసి కూర్చుంటుంది. బండి ఎర్రదని తెలుస్తుంది, నంబరు మాత్రం ఓ తెల్లటి మరక.

మెగాపిక్సెళ్ళ గురించీ ఓ మాట. మొహాన్ని అనుమానం లేకుండా గుర్తుపట్టాలంటే మీటరు వెడల్పుకి 250 పిక్సెళ్ళు ఉండాలని ఐఈసీ 62676-4 అనే అంతర్జాతీయ ప్రమాణం 2014లో చెప్పింది. రెండు మెగాపిక్సెల్ బొమ్మ అడ్డంగా 1920 పిక్సెళ్ళు. భాగించి చూడండి, ఏడున్నర మీటర్ల వెడల్పు పైన అది మొహాలకి పనికిరాదు. వీళ్ళేమో అంతా కవరైపోవాలని 2.8 ఎంఎం లెన్సు తగిలిస్తారు. పది మీటర్ల దూరంలో అది దాదాపు ఇరవై మీటర్ల వెడల్పు చూపిస్తుంది. మీటరుకి వంద పిక్సెళ్ళు కూడా దక్కవు. అందులో మనిషున్నాడని తెలుస్తుంది, ఎవరో తెలియదు. సేటుగారి గల్లాపెట్టె ప్రశ్న అడిగుంటే ఒక కెమెరాకైనా 6 ఎంఎం లెన్సు పడేది.

ఇంకో తమాషా: ఓనరు ఫోన్లో చూసి, "ఏమయ్యా, మసగ్గా ఉంది, కెమెరా పాతదిచ్చావా?" అని తగువుకొస్తాడు. ఫోనుకి వెళ్ళేది చిన్న సైజు సబ్‌స్ట్రీమ్ అనీ, డిస్కులో పడేది నిండు సైజు మెయిన్‌స్ట్రీమ్ అనీ బిగించినవాడికే తెలియకపోతే ఆయనకేం చెబుతాడు? కొత్త కెమెరా అంటగడతాడు.

నెట్‌వర్కు విషయంలో మేం పడ్డ పాట్లు తక్కువేం కావు. బ్రాడ్‌బ్యాండ్ కొత్తల్లో 256 కేబీపీఎస్ లైను మీద అమెరికాలో ఉన్న కొడుక్కి గుంటూరులో ఉన్న ఇల్లు చూపించాలంటే పోర్ట్ ఫార్వర్డింగ్, స్టాటిక్ ఐపీ, రౌటరు ముందు అర్ధరాత్రి పూజలు. చూడ్డానికి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే కావాలి, అందులో యాక్టివ్‌ఎక్స్ ఒప్పుకోవాలి. ఒక కంపెనీ కెమెరా ఇంకో కంపెనీ రికార్డరుతో మాట్లాడేది కాదు. 2008లో యాక్సిస్, బాష్, సోనీ కలిసి ఆన్‌విఫ్ అనే ఉమ్మడి వేదిక పెట్టాక ఆ బాధ చాలావరకు తీరింది. ఇప్పుడు క్యూఆర్ కోడ్‌తో అరచేతిలోకి వచ్చేస్తోంది, సంతోషమే. పాస్‌వర్డు ఏం పెట్టావు అంటే మాత్రం గోడ మీద పెన్సిలుతో రాసి చూపిస్తాడు: అడ్మిన్, 12345. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇలాంటి ఫ్యాక్టరీ పాస్‌వర్డులనే పట్టుకుని లక్షలాది కెమెరాలనీ డీవీఆర్‌లనీ తన సైన్యంగా చేసుకుంది. ఆ అక్టోబరులో ఒకరోజు అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు మూగబోయాయి. మన దేశంలో 2025 ఏప్రిల్ నుంచి కెమెరాలు భద్రతా పరీక్ష నెగ్గితేనే అమ్మాలని నిబంధన వచ్చింది. పరీక్ష నెగ్గిన కెమెరాకి వీడు మళ్ళీ 12345కి తమ్ముడి లాంటి పాస్‌వర్డే పెడతాడు.

చట్టాలూ సెక్రటరీగారి లాగే ఎన్ని రోజుల రికార్డు అనే అడుగుతున్నాయి. వందమంది గుమిగూడే చోట కెమెరాలుండాలని, రికార్డు ముప్ఫై రోజులు దాచాలని 2013 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చట్టం చెప్పింది. పోలీసు స్టేషన్లలో పద్దెనిమిది నెలలు ఉంచాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. పైన చెప్పిన 4 మెగాబిట్ల లెక్కన ఒక్క కెమెరాకే 23 టీబీ పైమాట. మంచిదే, ఉంచాలి. అయితే ముప్ఫై రోజులున్నాయా అని తనిఖీ చేసేవాళ్ళున్నారు గానీ ఆ ముప్ఫై రోజుల్లో ఒక్క మొహమైనా ఉందా అని చూసేవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

ఇక కోర్టుకెళ్ళే ఫుటేజీ. 2024 జులై నుంచి కొత్త సాక్ష్య చట్టం అమల్లోకొచ్చింది. అందులో 63వ సెక్షను ప్రకారం ఇచ్చే సర్టిఫికెట్లో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి పడేస్తే సరిపోయే రోజులు పోయాయి. తీరా చూస్తే రికార్డరు గడియారం ఇరవై నిమిషాలు వెనక నడుస్తుంటుంది. దొంగతనం తొమ్మిదింటికి జరిగితే ఫుటేజీలో ఎనిమిదీ నలభై. గడియారాన్ని తనంతట తనే సరిచేసుకునేందుకు ఎన్‌టీపీ అని సెట్టింగుల్లో ఒక గడి ఉంటుందిరా, టిక్కు పెట్టమంటే, "అది ఆటోనే కదా బాబాయ్" అంటాడు.

నా పద్ధతి నాది. పని అయ్యాక ఆ రాత్రే హెల్పర్ని గేటు దగ్గర నడవమంటాను, తరవాత కొంచెం పరిగెత్తమంటాను, బండి మీద ఓసారి లోపలికి రమ్మంటాను. మర్నాడు ఆ ముక్కని రికార్డరు నుంచి తీసి, ఓనరుగారి కంప్యూటర్లో వేసి, "ఇది ఎవరో చెప్పండి" అని ఆయన్నే అడుగుతాను. ఆయన పేరు పెట్టి చెబితేనే బిల్లు ఇస్తాను. ఈమధ్య ఒక అపార్ట్‌మెంటు వాళ్ళకి ఈ పరీక్ష సంగతి కొటేషన్లోనే రాశాను, డిస్కు లెక్కా బల్బు ఖర్చూ కూడా వేశాను. సెక్రటరీగారు చదివి, "మాకు ఇవన్నీ వద్దండీ, ఫోన్లో కనిపిస్తే చాలు" అని పనిని ఇంకొకరికి ఇచ్చేశారు.