గోడ తట్టే బాబాయి

ఫ్లాటు కొనబోయే కుటుంబం లాయరు కంటే ముందు, బ్యాంకు వాల్యూయర్ కంటే ముందు ఒక మనిషికి కబురు పెడుతుంది. ఆయన పెద్దబావ కావచ్చు, మేనమామ కావచ్చు. ఇక్కడికి బాబాయి అనుకుందాం. ఉద్యోగం చేసింది ఖజానా శాఖలో. కానీ 1990ల్లో హైదరాబాదులో వనస్థలిపురం అవతల 200 గజాల్లో దగ్గరుండి ఇల్లు కట్టించాడు, అదే ఆయన ఇంజనీరింగు పట్టా. అప్పట్లో మేస్త్రీ నాలుగు బస్తాల సిమెంటు పక్కింటికి తరలించాడని అనుమానం. అది రుజువు కాలేదు గానీ, నాటి నుంచి ఎవరి గోడనూ ఆయన నమ్మింది లేదు. ఆయన పనిముట్లు మూడు: జేబులో రూపాయి బిళ్ల, ఫోనులో దిక్సూచి, నోట్లో ‘ప్చ్’. ఇలాంటివాణ్ని ఎగతాళి చెయ్యడానికి పెద్ద ప్రతిభ అక్కర్లేదు. నా ఫిర్యాదు వేరు. ఆయన గట్టిగా పట్టుకునే లోపాలన్నీ చవకవి, చూడకుండా దాటిపోయేవి ఖరీదైనవి.

పరీక్ష ఈశాన్యంతో మొదలవుతుంది. ఫోను పట్టుకుని పిల్లర్ పక్కన నిలబడతాడు. పిల్లర్‌లో ఉన్నది ఇనుము, ఫోనులో ఉన్నది అయస్కాంతానికి లొంగే పరికరం. ఉత్తరం కాస్త ఒరుగుతుంది, వంటగది ఆగ్నేయం తప్పుతుంది. హాలు మధ్యకు వచ్చేసరికి వంటగది మళ్లీ ఆగ్నేయంలో చేరుతుంది. కొనేవాళ్ల ప్రాణం కూడా అప్పుడే కుదుటపడుతుంది. తర్వాత రూపాయి బిళ్లతో టైల్స్ తడతాడు. మూల గదిలో ఒకటి గుల్లగా మోగితే ఆయన ముఖం వెలిగిపోతుంది. పిల్లర్‌కీ ఇటుక గోడకీ మధ్య నిలువుగా సన్నగీత కనబడితే ‘బిల్డింగు విడిపోతోంది’ అంటాడు. లప్పం రుద్దిన తీరు, తలుపు కీచుమనడం, కుళాయి కంపెనీ పేరు, అన్నీ లెక్కకొస్తాయి. బిల్డరు తరఫు కుర్రాడు ప్రతి మాటా శ్రద్ధగా రాసుకుంటాడు. రాసుకోడూ మరి? ఆ జాబితా మొత్తానికి పెయింటరు రెండు రోజులు, వడ్రంగి ఒక పూట వస్తే సరి.

టైలు తట్టడం పనికిమాలిన పరీక్ష కాదు. గుల్లగా మోగితే కింద మాలు పూర్తిగా పట్టలేదని అర్థం, మేస్త్రీలూ అలాగే చూస్తారు. కాకపోతే దాన్ని మార్చడానికి అయ్యేది వందల్లో ఖర్చు. అసలు చిక్కు అదే రంగు టైలు మళ్లీ దొరక్కపోవడం. మిగిలిపోయిన పెట్టె ఒకటి ఇప్పించమని అడగాలని మాత్రం బాబాయికి తోచదు. పిల్లర్ పక్కన గీత సంగతీ అంతే. కాంక్రీటు, ఇటుక ఎండకు ఒకేలా వ్యాకోచించవు. అతుకు మీద జాలీ కొట్టకుండా ప్లాస్టరింగు చేస్తే అక్కడ గీత పడుతుంది, అది ఎక్కువగా పైపూతకే పరిమితం. భయపడాల్సింది బీము అడుగున కడ్డీ వెంబడే సాగే పగులును చూసి, దాని పక్కన కనిపించే తుప్పు మరకను చూసి. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది, కాంక్రీటును లోపలి నుంచి తోసి పెచ్చులూడదీస్తుంది. ఆ పగులు బాల్కనీ బీము కింద, నెత్తి మీద ఉంటుంది. బాబాయి చూపు నేలమీద ఉంటుంది.

ఇక బాత్రూం. ఫ్లష్ నొక్కి, నీళ్లు తిరుగుతున్నాయని తృప్తిపడి బయటికొస్తాడు. అసలు కథ టైల్స్ కింద, పల్లపు స్లాబులో జరుగుతుంది. నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ చుట్టూ వాటర్‌ప్రూఫ్ పూత సరిగా వెయ్యకపోయినా, నేలకు వాటం తప్పినా, నీళ్లు కిందికి ఇంకి కొన్ని నెలలకు కిందింటివాళ్ల సీలింగులో మచ్చై తేలతాయి. దాన్ని బాగు చెయ్యాలంటే టైల్స్ పగలగొట్టాలి, కింద నింపిన కోబా తవ్వి తియ్యాలి, పూత వేసి రెండు మూడు రోజులు నీళ్లు నిలబెట్టి చూడాలి, మళ్లీ నింపి మళ్లీ టైల్స్ వెయ్యాలి. ఒక్క బాత్రూంకే అరలక్ష దాటడం మామూలు, అందులో కిందింటివాళ్లతో తగవు ఖర్చు కలపలేదు. పాత ఫ్లాట్లలోనైతే ఇంకో తమాషా. అన్ని గదుల సీలింగూ మాసి ఉండి ఒక్కదానికే కొత్త రంగు వేస్తే, ఆ రంగు కింద ఏదో మచ్చ దాక్కుందని అనుమానించాలి. బాబాయి ఆ గది చూసి, ‘ఇది బాగా ఉంచుకున్నారు’ అని మెచ్చుకుంటాడు. ఆయన పట్టేవి చవక, వదిలేవి ఖరీదు అన్న లెక్క అన్ని లోపాలకూ సరిపోతుందనను. కరెంటు ఎర్తులోకి లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల బ్రేకరు రెండు మూడు వేలకే వస్తుంది. అది ఉందో లేదో, దాని మీద టెస్ట్ బటన్ నొక్కితే పడుతుందో లేదో ఆయన చూడడు. ఫ్యాన్లు మాత్రం అయిదో నంబరు దాకా తిప్పి చూస్తాడు.

ఇంత అనుభవమున్న మనిషి ఇలా ఎందుకు గురి తప్పుతాడు? ఆయన చదువంతా సొంతింట్లో సాగింది. అక్కడ పునాది తనది, డాబా తనది, పిట్టగోడ పక్కన కారే పైపూ తనదే. గుమ్మం లోపలే అన్నిటికీ జవాబు దొరికేది. ఫ్లాటులో అలా కాదు: మన తడి కిందింటి కప్పులో, మన కప్పు తడి పైవాళ్ల బాత్రూంలో. డాబా, సంపు, లిఫ్టు అసోసియేషన్ చేతిలో. దానికి తోడు ముహూర్తం అడ్డు. జూన్, జులైల్లో వాన పడుతుండగా గోడలు దాచుకున్నదంతా బయటపెడతాయి. కానీ అది ఆషాఢం, ఇల్లు చూడ్డానికి మంచిది కాదు. మాఘమాసంలో చూస్తాడు. అప్పుడు ప్రతి గోడా పొడిగా, బుద్ధిగా ఉంటుంది.

చట్టం ఉందిగా, బాబాయితో పనేమిటని అడిగేవాళ్లున్నారు. నిజమే, 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షను ప్రకారం ఇల్లు అప్పగించిన అయిదేళ్లలోపు కట్టడంలోనో పనితనంలోనో లోపం చూపిస్తే, బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచెయ్యాలి. అయితే చూపించాల్సింది మనమే, అదీ కాగితం మీద. బాబాయి లోపాలన్నీ మాటల్లో పుట్టి లిఫ్టులో దిగేలోపు ఆరిపోతాయి. ఇరవయ్యేళ్ల పాత ఫ్లాటుకైతే ఈ అయిదేళ్ల రక్షణ లేనే లేదు. చెమ్మ కొలిచే మీటరు, థర్మల్ కెమెరా పట్టుకుని చదరపు అడుక్కి ఇంతని తీసుకుని చూసేవాళ్లు హైదరాబాదులో దొరుకుతారు కదా అనేది రెండో మాట. పిలవాల్సిందే. గోడలు చూసినందుకు డబ్బులేమిటని గొణిగే ఇల్లే, గృహప్రవేశం వీడియోకు అంతకంటే ఎక్కువ మారుమాట లేకుండా ఇస్తుంది. కాకపోతే ఆ కెమెరా చూపేది వేడిలో తేడానే, ఎండిన గోడలో నిరుటి వాన దానికీ కనబడకపోవచ్చు. బాబాయి పక్షాన ఒక మాట ఒప్పుకోవాలి. ఆయన ‘ప్చ్’కి బేరంలో విలువుంది. మూడోసారి అనేసరికి కార్ పార్కింగు ధర కాస్త దిగుతుంది, ఏ మీటరూ ఆ పని చెయ్యలేదు.

కాబట్టి ఆయన్ను మానిపించనక్కర్లేదు, పని మారిస్తే చాలు. యజమానినో బిల్డరునో అడిగి బాత్రూంలో ట్రాప్ మూసి, రెండంగుళాలు నీళ్లు నింపి, మర్నాడు ఆయన్ను కిందింటికి పంపాలి. ‘అమ్మా, మీ బాత్రూం సీలింగు ఓసారి చూడొచ్చా?’ అని అడగడానికి ఆయనకు మహా మొహమాటం. ఇంతకుముందే బిల్డరు కుర్రాణ్ని నీ జీతమెంత, పెళ్లయిందా అని అడిగినప్పుడు ఆ మొహమాటం లేదు. ఒకసారి లోపలికి వెళ్తే మాత్రం తిరుగులేదు. వేసవిలో ట్యాంకర్లు ఎన్ని వస్తాయో, లిఫ్టు ఎప్పుడెప్పుడు ఆగుతుందో, అసోసియేషన్ బాకీ ఎవరెవరిదో ఆ ఇల్లాలు వరసగా చెబుతుంది. కాఫీ అయ్యేలోపు వాళ్లది ఏ ఊరో, మనకు ఏ వరసో కూడా తేలిపోతుంది. లేచి వచ్చేటప్పుడైనా తల ఎత్తి సీలింగు చూడమని ఆయనకు ముందే చెప్పి పంపాలి.