మూడు చూస్తే మూడొందలు చూసినట్టే

ఈ 1999 వేసవిలో షికాగో వీధుల నిండా ఆవులే. జూన్ 15న వచ్చాయి, అక్టోబరు 31 దాకా ఉంటాయి. పాలిచ్చేవి కావు, ఫైబర్‌గ్లాస్‌తో పోతపోసిన నిలువెత్తు బొమ్మలు. ఒక్కోదానికి ఒక్కో కళాకారుడు తనకు తోచిన రంగులు వేశాడు, అద్దాలూ గాజుముక్కలూ అతికించాడు, బట్టలు తొడిగాడు. మొత్తం మూడొందలకు పైనే. ఊరినుంచి అత్తగారూ మామగారూ వచ్చి ఉన్నా, డెట్రాయిట్ నుంచి బావమరిది పిల్లాపాపలతో దిగినా, "ఆవుల్ని చూపించవూ" అన్న మాట ఈపాటికి మీ చెవిన పడే ఉంటుంది. బెంగ వద్దు. మూడొందల ఆవుల్నీ తిరిగి చూసినవాడికి కాళ్ళు లాగడం తప్ప ఒరిగేదేమీ లేదు. తక్కువ నడిచి, ఏదీ సరిగ్గా చూడకుండా, ఇకముందు ఎవరూ మిమ్మల్ని ఎక్కడికీ తీసుకెళ్ళమని అడగని విధంగా ఈ పని ముగించవచ్చు. కింది వరస తప్పకండి.

1. జూలై 3నే బయల్దేరండి.

ఆ రోజు శనివారం. గ్రాంట్ పార్కులో "టేస్ట్ ఆఫ్ షికాగో" తిండి జాతర జోరుగా ఉంటుంది. రాత్రికి సరస్సు ఒడ్డున బాణాసంచా. చుట్టుపక్కల ఊళ్ళన్నీ డౌన్‌టౌన్‌లోనే ఉంటాయి. ఆ జనంలో ఏ ఆవు దగ్గరికీ చేరలేరు, చేరలేకపోవడం మీ తప్పూ కాదు. మంగళవారం పొద్దున్నే ఏడింటికి వెళ్ళి చూడండి, మిషిగన్ అవెన్యూలో ఆవులూ మీరూ తప్ప ఎవరూ ఉండరు. అప్పుడు అన్నీ చూపించక తప్పుతుందా? ఏ సాకూ మిగలని రోజున గడప దాటేవాడు తెలివితక్కువవాడు.

2. భోంచేసి బయల్దేరండి.

ముద్దపప్పు, ఆవకాయ, గుత్తివంకాయ, చివర్లో గడ్డపెరుగు. అత్తగారిని అడిగితే ఆనందంగా చేసిపెడతారు. అంత తిన్నాక మామగారికి కునుకు పట్టాలి. పట్టనివ్వండి, పెద్దాయన్ని లేపడం మర్యాద కాదు. ఇల్లు కదిలేసరికి మూడవుతుంది.

3. దారిలో డెవాన్ వీధికి వెళ్ళండి.

నేపర్‌విల్ లాంటి శివారు ఊరి నుంచి డౌన్‌టౌన్‌కి వెళ్ళేవాడికి డెవాన్ దారిలో లేదు, ఎక్కడో ఊరికి ఉత్తరాన ఉంది. అందుకే వెళ్ళాలి. 1974 నుంచీ అక్కడున్న పటేల్ బ్రదర్స్‌లో సరుకులు తీసుకోండి. బియ్యం బస్తా, కందిపప్పు, కొత్తిమీర, కరివేపాకు, రెండు గ్యాలన్ల పాలు. పాలు ముఖ్యం. కారు డిక్కీలో ఎండకు పాలున్నాయంటే డౌన్‌టౌన్‌లో ఎక్కువసేపు నిలవడానికి వీల్లేదని ఎవరైనా ఒప్పుకుంటారు. ఇంటావిడ ఆవుల సంగతి ఎత్తగానే "పాలు విరిగిపోతాయే" అనండి. దీన్ని మించిన మాట లేదు.

4. పార్కింగుకి డబ్బు పెట్టకండి.

గ్రాంట్ పార్కు కింద పెద్ద పార్కింగ్ ఉంది. దిగి నాలుగడుగులు వేస్తే మిషిగన్ అవెన్యూ. ఆ మాట కారులో ఎవరికీ చెప్పకండి. వీధి పక్కన ఊరికే దొరికే చోటు కోసం తిరగండి. ఆ రోజున దొరకదు, కాబట్టి ఎంతసేపైనా తిరగవచ్చు. ఇది వృథా కాదు. తిరిగే ప్రతి చుట్టులోనూ సిగ్నల్ దగ్గర ఒకటో రెండో ఆవులు కనిపిస్తాయి. కిటికీలోంచి కనిపించినదాన్ని చూసినట్టే లెక్కవేయండి. తోక కనిపించినా ఒకటే. అదే ఆవు మూడో చుట్టులో మళ్ళీ కనిపిస్తే మళ్ళీ లెక్కవేయండి, ఈసారి అటువైపు నుంచి చూశారు కదా.

లెక్క నెమ్మదిగా సాగుతుంటే చేతికందినవి కలుపుకోండి. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ గుమ్మం ముందు 1894 నుంచీ రెండు కంచు సింహాలున్నాయి, వాటికీ నాలుగేసి కాళ్ళే. డేలీ ప్లాజాలో పికాసో చేసిన యాభై అడుగుల ఉక్కు విగ్రహం ఉంది. 1967లో నిలబెట్టినప్పటినుంచీ అది ఏ జంతువో, అసలు జంతువో కాదో ఇంతవరకూ తేలలేదు. తేలలేదు కాబట్టి ఆవే.

5. పోతలు మూడేనని గుర్తుంచుకోండి.

ఈ చిట్కా ఒక్కటి పట్టుబడితే మిగతావన్నీ అవే వస్తాయి. ఇన్ని ఆవులున్నా వాటికి మూలమైన నమూనాలు మూడే. పాస్కల్ నాప్ అనే స్విస్ శిల్పి చేశాడు: నిలబడ్డది, మేస్తున్నది, పడుకున్నది. నిలబడ్డదాన్ని ఒకటి, మేస్తున్నదాన్ని ఒకటి, పడుకున్నదాన్ని ఒకటి చూశారా, పని అయిపోయింది. తక్కినదంతా పైపూత. రంగు కోసం అంతదూరం నడవడం దేనికి? మన ఊళ్ళో కనుమనాడు కొమ్ములకు రంగు వేస్తే ఆవు మారిపోతుందా? మామగారిని అడగండి, మారదనే అంటారు. పెద్దాయన నోట ఆ మాట వచ్చిందంటే ఇంట్లో ఇంక వాదన ఉండదు.

6. ఎందుకు, ఎవరు అన్న ప్రశ్నలకు నోరు విప్పకండి.

పిల్లలు అడుగుతారు: ఇక్కడ ఆవులెందుకున్నాయి నాన్నా అని. మీకు తెలిసినా చెప్పకూడదు. ఎందుకు చెప్పకూడదో తెలియాలంటే ముందు అసలు సంగతి వినండి. నిరుడు, అంటే 1998లో, స్విట్జర్లాండ్‌లోని జూరిక్ వీధుల్లో ఇలాంటి ఆవుల్నే నిలబెట్టారు. పీటర్ హేనిగ్ అని షికాగోలో చెప్పుల వ్యాపారి. సెలవులకు అక్కడికి వెళ్ళినవాడు చూసి మురిసిపోయాడు. తిరిగొచ్చాక నగర సాంస్కృతిక శాఖ కమిషనర్ లోయిస్ వైస్‌బర్గ్‌కి చెబితే ఆవిడా సరేనంది. దుకాణాలూ హోటళ్ళూ కంపెనీలూ తలా ఒక ఆవు ఖర్చు భరించాయి, స్థానిక కళాకారులు అలంకరించారు. ప్రదర్శన ముగిశాక వేలం వేసి డబ్బు ధర్మకార్యాలకు ఇస్తారు.

ఇంతవరకూ చెప్పారనుకోండి, పిల్లవాడు ఊరుకోడు. షికాగోకీ ఆవుకీ ఏమిటి సంబంధం అంటాడు. అప్పుడు 1865లో మొదలై 1971 దాకా నడిచిన యూనియన్ స్టాక్‌యార్డ్స్ గురించి, అమెరికా నలుమూలల నుంచి రైళ్ళలో పశువులు అక్కడికి ఎలా వచ్చేవో చెప్పాలి. 1871లో ఊరు తగలబడ్డ సంగతి చెప్పాలి. ఓలియరీ అనే ఆవిడ ఆవు లాంతరు తన్నడం వల్లే మంట పుట్టిందని నూటపాతికేళ్ళు జనం చెప్పుకున్నారు. చివరికి 1997లో నగర కౌన్సిల్ కూర్చుని ఆవిడా, ఆవూ ఇద్దరూ నిర్దోషులని తీర్మానం చేసింది. ఆ మంటల్ని తట్టుకుని నిలిచిన వాటర్ టవర్ ఈ మిషిగన్ అవెన్యూలోనే ఉంది. అది చెప్పగానే "చూపించు నాన్నా" అంటాడు. చూశారా, ఒక్క జవాబు మిమ్మల్ని ఎన్ని వీధులు నడిపిస్తుందో! కథ రుచి తగిలిన పిల్లవాడు ఆ రోజంతా మీ వేలు వదలడు. అందుకని మొదటి ప్రశ్నకే "మీ అమ్మనడుగు" అనండి. అమ్మను అడిగితే ఆవిడ తాతయ్యను అడగమంటుంది. తాతయ్యకు కునుకు.

7. అత్తగారి చేతిసంచీలో కుంకుమ భరిణె ఉందో లేదో చూసుకోండి.

లేకపోతే ఇంటినుంచే తెప్పించండి. మొదటి ఆవు దగ్గర "అత్తయ్యగారూ, ఎంతైనా గోమాత కదండీ" అని ఒక్క ముక్క అనండి, చాలు. ఆవిడ బొట్టు పెట్టి, తోక తాకి కళ్ళకద్దుకుని, ప్రదక్షిణం మొదలుపెడతారు. ఒక్క ఆవు దగ్గర అరగంట గడుస్తుంది. వెనక వరసలో ఫోటోల కోసం నిలబడ్డ అమెరికావాళ్ళు గొణుగుతారు. కాపలావాడు వచ్చి బొమ్మకి రంగు పూయకూడదంటాడు. మీరు కల్పించుకోకండి, పక్కకి తిరిగి చెట్టు చూడండి. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని "పోదాం పదండి నాయనా" అంటే, ఇంటికి వెళ్దామన్న మాట మీ నోట రాలేదన్నమాట.

8. రీలు ఒక్కటే పట్టుకెళ్ళండి.

ముప్ఫయ్యారు ఫోటోలు. మొదటి ముప్ఫయ్యీ పార్కింగు వెతికేటప్పుడు కారులోంచి, అద్దం దించకుండా తీసేయండి. మిగతా ఆరింట్లో మనుషులు ఆవుకి అడ్డంగా నిలబడాలి. ఆవు పేరూ కళాకారుడి పేరూ రాసిన పలక ముందు బావమరిదిని నిలబెట్టండి, లావుపాటివాడైతే మరీ మంచిది. పేరు కనిపించకపోతే ఏ ఆవు ఎక్కడుందో రేపు ఎవరూ పట్టుకోలేరు, ఒకే ఆవు ఆరు ఆవులుగా చెల్లుతుంది.

9. చిన్నవాణ్ణి ఆవెక్కించండి.

ఎక్కకూడదని బోర్డు ఉంటుంది. అది చదవనివాళ్ళ కోసం, మీరు చదివేశారు. మేస్తున్న ఆవైతే వీలుగా ఉంటుంది: తల కిందికి వంచి ఉంటుంది కాబట్టి మెడమీదుగా పాకించవచ్చు. వాడు పట్టుకోవడానికి చెవి ఉంది. ఫైబర్‌గ్లాస్ లోపల డొల్ల, చెవి ఊడి చేతికి రావచ్చు. వస్తే భయపడకండి. డైపర్ల సంచీలో అడుగున పెట్టేయండి. నవంబరులో పెద్ద పెద్దవాళ్ళు వేలంలో ఆవు కోసం పోటీపడతారు, మీ వాటా జూలైలోనే ఇంటికొచ్చింది, అదీ పైసా ఖర్చు లేకుండా. కాపలావాడు అడిగితే మామగారిని ముందుకు తోయండి. గుంటూరు జిల్లాలో ముప్ఫయ్యేళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరైన హెడ్‌మాస్టరైనా సరే, "ఆయనకి ఇంగ్లీషు రాదండీ" అనండి. ఆయన ఆ తర్వాత మీతో మాట్లాడకపోవచ్చు. అల్లుడికి అంతకన్నా ఏం కావాలి?

10. కారు టో చేస్తే సంతోషించండి.

చోటు దొరక్క చివరికి ఫైర్ హైడ్రెంట్ పక్కన పెట్టి ఉంటారు. తిరిగొచ్చేసరికి కారు ఉండదు. సిటీవాళ్ళు లాక్కెళ్ళి తమ స్థలంలో జాగ్రత్తగా పెట్టారంటే ఆ రాత్రికి మీకు పార్కింగు బాధ తీరింది. డిక్కీలో పాలు విరుగుతాయి, కొత్తిమీర వడలుతుంది. పోనివ్వండి, సరుకుల పేరుతో మళ్ళీ డెవాన్‌కి వెళ్ళే పని పుడుతుంది. అందర్నీ యూనియన్ స్టేషన్‌కి నడిపించండి. బాణాసంచా జనంతోబాటు మెట్రా బండిలో నిలబడి ఇంటికి చేరతారు. ఆ నడకలో దారి పక్కన ఒకటో రెండో ఆవులు ఎదురుకావచ్చు. ఎవరూ తల తిప్పి చూడరు. ఇక్కడికి వచ్చేసరికి మీ కుటుంబానికి ఆవు మాట ఎత్తితేనే ఒళ్ళు మండుతుంది. మీకు కావలసింది అదే.

11. సోమవారం అందరికీ చెప్పండి.

ఆఫీసుకు జూలై 5 సెలవైతే మంగళవారం. అన్నీ చూశామనండి. నీకు ఏది నచ్చిందని అడిగితే "ఆ నీలం రంగుదే" అనండి. మూడొందల ఆవుల్లో నీలం రంగుది తప్పకుండా ఉంటుంది. ఇండియాకి ఫోన్ చేసినప్పుడు నిమిషానికి ఇంత అని ఖర్చు కాబట్టి ఒక్కమాటలో తేల్చండి: మూడొందలు చూశాం, అత్తయ్యగారికి ఆరోగ్యం కాస్త బాగాలేదు, ఉంటాను.

12. మిగిలినవి నవంబరులో చూద్దామనండి.

పెద్దమ్మాయి ఒక్కతే ఇంకా అడుగుతుంది. కల్చరల్ సెంటర్‌లో దొరికిన పటం తెచ్చి గోడకు అంటించి, చూసిన ఆవుల మీద పెన్సిలుతో టిక్కులు పెట్టుకుంటుంది. దాన్ని నిరుత్సాహపరచకండి. "నవంబరులో రద్దీ ఉండదమ్మా, తీరిగ్గా అన్నీ చూద్దాం" అని మాటివ్వండి. నవంబరు మొదటి శనివారం ఆ పటం చేతికిచ్చి తీసుకెళ్ళండి కూడా. సరస్సు గాలి కోస్తుంటుంది, వీధుల్లో ఒక్క ఆవు కూడా ఉండదు. "అయ్యో, తీసేశారే" అనండి. పిల్ల ఆ తర్వాత మిమ్మల్ని ఏమీ అడగదు. మ్యూజియం అనదు, జూ అనదు, సరస్సు అనదు. మీ శనివారాలు పూర్తిగా మీవే.

ఇవన్నీ కుదరాలంటే మొదటి చిట్కా తప్పకూడదు. ప్రదర్శన అక్టోబరు 31 దాకా ఉంది, టికెట్ లేదు, ఏ రోజైనా ఎవరైనా వెళ్ళవచ్చు. మీరు మాత్రం జూలై 3నే వెళ్ళండి, మూడింటి తర్వాతే.